కనుమ నాడు 40 మందికి భోజనం: వండినవాళ్ళు కూడా వేడిగా తినేలా

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంక్రాంతి అంటే పెద్ద పండగ. విశాఖలో, హైదరాబాద్‌లో, చెన్నైలో, ఇంకా దూరాల్లో పనులు చేసుకుంటున్నవాళ్ళంతా ఆ నాలుగు రోజులకు ఇల్లు చేరతారు. భోగి నాడు ఎవరు ఏ రాత్రికి దిగుతారో తెలియదు. సంక్రాంతి నాడు పెద్దలకు పెట్టుకోవడం, కొత్త బట్టలు, గుడి, దానితోనే పొద్దు గడిచిపోతుంది. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని తీరిగ్గా తినే పూట అంటే కనుమ మధ్యాహ్నమే. ఆ ఒక్క పూట భోజనం ఎలా పెట్టాలో ఇక్కడ చెబుతాను. లెక్కలన్నీ 40 మందికి, అంటే 30 మంది పెద్దవాళ్ళు, 10 మంది పిల్లలు అనుకుని వేసినవి. మీ ఇంట్లో 25 మందే అయితే తగ్గించుకోండి, 60 అయితే పెంచుకోండి.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట అనుకోవాలి. పొయ్యి దగ్గర నిలబడి వండిన ఆడవాళ్ళు ఆ రోజు మొదటి పంక్తిలో కూర్చుని వేడివేడిగా తినాలి. మన ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి జరుగుతున్నది వేరు. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, సాయంత్రం నాలుగింటికి అడుగున మిగిలిన పులుసుతో, చల్లారిపోయిన గారెతో వాళ్ళు తింటారు. దాన్ని మర్యాద అనుకుంటూ వచ్చాం. నాకది అన్యాయంగానే కనిపిస్తుంది. కింద చెప్పే ప్రతి ఏర్పాటూ, ఎన్ని రకాలు వండాలి, ఎన్ని పొయ్యిలు పెట్టాలి, ఎవరు వడ్డించాలి అన్నవన్నీ, ఈ ఒక్క విషయం కుదరడానికే.

ముందు తలలు లెక్కపెట్టండి

రైలు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు నుంచి 60 రోజులకు తగ్గింది. అంటే జనవరి 12, 13 తేదీల టికెట్లు నవంబరు మధ్యలో తెరుచుకుంటాయి. ఎవరు వస్తున్నారో అప్పటికే సగం తేలిపోతుంది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "అందరూ రండి" అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకుంటే లెక్క తేలదు. ఒక్కో ఇంటికీ ఫోన్ చేయండి. ఎంతమంది, ఏ రోజు, ఏ స్టేషన్లో దిగుతారు? ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డా, పొందూరా, చీపురుపల్లా, విజయనగరమా, బొబ్బిలా? దిగినవాళ్ళను ఇంటికి తేవడానికి ఆటో ఎవరు చూస్తారో కూడా అప్పుడే అనుకుంటే, పండగ పూట వంట మధ్యలో వదిలేసి బండి తీసే పని తప్పుతుంది.

అదే ఫోన్లో ఇంకో మూడు విషయాలు అడిగి రాసుకోండి. మాంసం తిననివాళ్ళు ఎవరు? అయ్యప్ప మాల ఇంకా తీయనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? మకరజ్యోతి మామూలుగా జనవరి 14నే కాబట్టి కొండకు వెళ్ళినవాళ్ళలో కొందరు కనుమకు గానీ ఇల్లు చేరరు. మాల మీద ఉన్నవాళ్ళకు వేరే పొయ్యి, వేరే గిన్నెలు, స్నానం చేసి వండే మనిషి కావాలి. మూడోది, షుగరు ఉన్నవాళ్ళు, పళ్ళు లేని పెద్దవాళ్ళు ఎంతమంది? వాళ్ళ కోసం కొత్త వంట అక్కర్లేదు. మెత్తటి పప్పు, కారం తగ్గించిన కూర ముందే పక్కకు తీసిపెడితే చాలు.

కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. ఆ రోజు ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. అంటే మధ్యాహ్నం తిన్నవాళ్ళంతా రాత్రికీ ఇంట్లోనే ఉంటారు. చాలామంది మధ్యాహ్నం భోజనం గురించి అంతా ఆలోచించి రాత్రి సంగతి మర్చిపోతారు. చారు, పెరుగు, అప్పడాలు రాత్రికి కూడా లెక్కలో వేసుకోండి.

ఏం వండాలి, ఏం వండకూడదు

పెద్ద భోజనం అనగానే రకాలు పెంచాలనిపిస్తుంది. పులిహోర, బూరెలు, చికెన్, వేటమాంసం, చేప, రెండు వేపుళ్ళు. అన్నీ వండితే ఆకులో చోటుండదు, పొయ్యి దగ్గర మనిషి లేవడానికి ఉండదు. పులిహోర, బూరెలు సంక్రాంతి నాడు పెద్దలకు పెట్టేటప్పుడు ఎలాగూ అవుతాయి. వాటిని కనుమకు మళ్ళీ తేవద్దు. నా లెక్క ఇది: గారెలు, నాటుకోడి కూర, చిక్కుడుకాయ వంకాయ నువ్వుపొడి కూర, తీపి గుమ్మడికాయ పులుసు, ముద్దపప్పు, చారు, అల్లం పచ్చడి, అప్పడాలు, పెరుగు. తీపికి డబ్బాల్లో అరిసెలు సిద్ధంగా ఉంటాయి. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు తప్పవు. కోడి, గారె కలిసిన ఆకు ముందు ఇంకేం పెట్టినా జనం తక్కువే తింటారు.

మాంసం రెండు రకాలు పెట్టొద్దని గట్టిగా చెబుతాను. వేటమాంసం పెట్టాలనుకుంటే కోడి మానేయండి. రెండు కూరలంటే రెండు పెద్ద పొయ్యిలు, రెండు మసాలాలు, ఇద్దరు కనిపెట్టుకుని ఉండే మనుషులు. కనుమ పొద్దున్నే మాంసం కొట్టు దగ్గర నిలబడాలంటే సగం రోజు పోతుంది. ముందురోజే చెప్పి ఉంచినా ఆలస్యం అవుతుంది. కోళ్ళయితే ఊళ్ళోనే రెండు వారాల ముందు మాట్లాడి పెట్టుకోవచ్చు.

40 మందికి కొలతలు ఇలా వేసుకోండి. ఎముకతో సహా కోడిమాంసం 7 కేజీలు. నాటుకోడిని కోసి, కాల్చి, లోపలివి తీసేస్తే బతికిన బరువులో మూడో వంతుకు దగ్గరగా పోతుంది. అందుకని 10, 11 కేజీల బరువు వచ్చేలా ఆరేడు కోళ్ళు కావాలి. గారెలకు మినపప్పు 3 కేజీలు. కేజీ పప్పుకు మామూలు సైజువి 55 దాకా వస్తాయి కాబట్టి తలా నాలుగు పడతాయి. బియ్యం 5 కేజీలు, పొలం పని చేసే మనుషులు ఎక్కువైతే 6. కందిపప్పు కేజీంపావు. చిక్కుడుకాయలు, వంకాయలు కలిపి 4 కేజీలు, వాటికి నువ్వులు పావుకేజీ. గుమ్మడికాయ 3 కేజీలు. పెరుగుకు 5 లీటర్ల పాలు.

బియ్యం దగ్గర జాగ్రత్త. మన వైపు కోతలు నవంబరు, డిసెంబరుల్లో అవుతాయి కాబట్టి పండగకు ఇంట్లో కొత్త బియ్యం ఉంటాయి. అవి పరమాన్నానికి బాగుంటాయి గానీ పెద్ద గిన్నెలో అన్నం వండితే ముద్దయిపోతుంది. నిరుటి బియ్యం ఒక బస్తా దాచుకోండి, లేదా కొనండి. రాగోలు పరిశోధన కేంద్రం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు పాతబడ్డవి దొరికితే మరీ మంచిది.

డబ్బు, పని: రెండూ ముందే పంచండి

ఇల్లు పెద్దన్నయ్యది కాబట్టి ఖర్చంతా ఆయనదే అన్న పద్ధతి చాలా ఇళ్ళల్లో ఉంది. ఆయన పైకి ఏమీ అనడు. ఏడాదికేడాది ఆ బరువు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అన్నదమ్ములు, ఆడపడుచులు కలిసి ఒక మొత్తం అనుకుని డిసెంబరులోనే ఒకరి చేతిలో పెట్టండి. ఆ ఒక్కరే లెక్క రాయాలి. ఇవ్వలేని ఇల్లు ఒకటి ఉంటే వాళ్ళను అడగకండి. వాళ్ళ వంతుకు పని అప్పగించండి. ఆ సంగతి లెక్క రాసే మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియనక్కర్లేదు. డబ్బు కాకుండా వస్తువులు తెచ్చేవాళ్ళకు కూడా చోటివ్వండి. పలాస వైపు ఉండే చెల్లి జీడిపప్పు తెస్తుంది. విశాఖలో ఉండే తమ్ముడు కిరాణా సామాను హోల్‌సేల్‌లో కొని తెస్తాడు.

పని పంచేటప్పుడు "అందరం కలిసి చేద్దాం" అనకండి. అలా అంటే చివరికి ఇద్దరి మీదే పడుతుంది. ప్రతి పనికీ ఒక పేరు ఉండాలి. ఫోన్లో ఇలా మాట్లాడుకుంటే తేలిపోతుంది:

"వదినా, ఈసారి గారెల పొయ్యి నీది. పిండి నేను రుబ్బించి ఉంచుతాను. నువ్వొచ్చి వేయడమే."

"మరి వడ్డన ఎవరు చూస్తారమ్మా?"

"వడ్డన మగవాళ్ళది. అన్నయ్యకు నేనే చెప్తాను. నువ్వు గారెలు దింపి చెయ్యి కడుక్కుని పంక్తిలో కూర్చోవాలి."

మగవాళ్ళ వంతుకు వచ్చే పనులు: కోళ్ళు కోయించి కాల్చడం, కట్టెలు, మంట, నీళ్ళు మోయడం, అన్నం వార్చడం, గుమ్మడికాయ కోయడం, వడ్డన, విస్తర్లు తీయడం. పెద్ద గిన్నె వార్చడం నిజంగానే బలం కావలసిన పని. గుమ్మడికాయకు మొదటి కత్తి మగవాళ్ళే వేయాలని చాలా ఇళ్ళల్లో పట్టింపు ఉంది, అది ఇక్కడ బాగా పనికొస్తుంది. అల్లుళ్ళకు పని చెప్పడానికి కొందరు మొహమాటపడతారు. కొత్త అల్లుణ్ణి మొదటి పండగకు కూర్చోబెట్టండి, అది మర్యాద. రెండో ఏటి నుంచి నీళ్ళ జగ్గు చేతికివ్వండి. పంక్తిలో తిరిగి వడ్డించిన అల్లుడు ఆ ఇంటి పిల్లాడిలా కలిసిపోతాడు. పదేళ్ళు దాటిన పిల్లలు ఉప్పు, పచ్చడి, అప్పడాలు వేస్తారు. వాళ్ళకు అదొక సరదా కూడా.

పొయ్యిలు, గిన్నెలు, ఆకులు

ఇంట్లో గ్యాస్ స్టవ్ మీద 40 మందికి వంట తెమలదు. పెరట్లో రాళ్ళ పొయ్యిలు మూడు పెట్టండి. ఒకటి అన్నానికి, ఒకటి కోడికి, ఒకటి గారెలకు. రెండో గారెల మూకుడు, పప్పు, చారు, పులుసు, కూర లోపల గ్యాస్ మీద అవుతాయి. సిలిండరు నిండుగా ఉందో లేదో వారం ముందే చూసుకోండి. కట్టెలకు సరుగుడు బాగుంటుంది, నిలకడగా మండుతుంది. జనవరిలో పొద్దున్నే మంచు బాగా కురుస్తుంది కాబట్టి కట్టెల మీద ముందురోజు సాయంత్రమే టార్పాలిన్ కప్పండి. తడిసిన కట్టెతో గంట పొగ మింగాల్సి వస్తుంది.

2.5 కేజీల బియ్యం వార్చి వండడానికి 20 లీటర్లు పట్టే డేగిసా కావాలి. అలాంటివి రెండు, కోడికి మందపాటి అడుగున్న గిన్నె ఒకటి, మూకుళ్ళు రెండు, చిల్లుల గరిటెలు, తెడ్డు, వడ్డన బకెట్లు. టెంటుహౌస్ దగ్గర దొరుకుతాయి గానీ పండగ రోజుల్లో అందరూ అడుగుతారు, డిసెంబరు ఆఖరుకే చెప్పి ఉంచండి. కొన్ని ఇళ్ళల్లో బుడితి ఇత్తడి గిన్నెలు తాతల నాటివి అటక మీద ఉంటాయి. దింపి తోమితే పండగ కళ వస్తుంది. కానీ లోపల కళాయి పోయిన ఇత్తడిలో చింతపండు పులుసు, పెరుగు పెట్టకండి, చిలుమెక్కుతుంది. ఆ గిన్నెలు నీళ్ళకు, అన్నానికి వాడుకోండి. అల్యూమినియం డేగిసాలో కూడా పులుసు ఎక్కువసేపు ఉంచొద్దు.

కంచాలు వద్దు. 40 కంచాలు తోమడం అంటే మళ్ళీ ఇద్దరు ఆడవాళ్ళ సాయంత్రం పోయినట్టే. సీతంపేట, పార్వతీపురం, సాలూరు వైపు ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకుల విస్తర్లు మన సంతల్లో దొరుకుతాయి. పులుసు కారదు, వేడి అన్నం వేస్తే ఒక కమ్మటి వాసన వస్తుంది, పారేస్తే మట్టిలో కలిసిపోతాయి. రాత్రి భోజనానికి కూడా కలిపి 100 తీసుకోండి. ప్లాస్టిక్ పూత పూసిన పేపరు ప్లేట్ల మీద వేడి పులుసు పోయడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

పండగ ముందు వారం

అరిసెలు భోగికి నాలుగైదు రోజుల ముందే అయిపోవాలి. కేజీ బియ్యానికి ముప్పాతిక కేజీ బెల్లం. బియ్యం ఒక పగలు ఒక రాత్రి నానబెట్టి, నీళ్ళు మార్చి, వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. పాకం నీళ్ళల్లో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఆ ఒక్క క్షణం దాటితే అరిసెలు గట్టిపడతాయి. చుట్టుపక్కల అమ్మలక్కలు వచ్చి చెయ్యి వేస్తే ఒక సాయంత్రంలో మూడు కేజీల పిండి తేలిపోతుంది. జంతికలు, సున్నుండలు ఆ మర్నాడు. ఇవన్నీ కనుమ భోజనంలోకి తీపిగానూ, వెళ్ళేవాళ్ళకు మూటల్లోకీ పనికొస్తాయి.

కిరాణా జనవరి మొదటి వారంలోనే కొనేయండి. భోగి ముందురోజు విజయనగరం గంటస్తంభం దగ్గర నడవడానికి కూడా సందుండదు. కూరగాయలు భోగి పొద్దున. గుమ్మడికాయ ఎంత ముందు కొన్నా పాడవదు.

సంక్రాంతి సాయంత్రం కొన్ని పనులు అయిపోవాలి. నువ్వులు దోరగా వేయించి పొడి కొట్టడం, అల్లం పచ్చడి నూరడం, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి వేయించి మసాలా పొడి చేయడం, ఉల్లిపాయలు ఒలవడం, అల్లం వెల్లుల్లి ముద్ద. ఉల్లిపాయలు ఒలిచే పని టీవీ చూసే మనుషులకు ఇవ్వండి, చక్కగా అయిపోతుంది. పాలు సాయంత్రం ఏడు గంటలకే తోడు పెట్టాలి. చలికాలం రాత్రి పెరుగు ఆలస్యంగా తోడుకుంటుంది. తోడు మామూలు కంటే కాస్త ఎక్కువ వేసి, గిన్నెను గోనెపట్టాలో చుట్టి, చల్లారుతున్న పొయ్యి పక్కన పెట్టండి.

కనుమ పొద్దున, గంట గంటకూ

ముగ్గు వేయడానికి నాలుగింటికి లేచిన మనిషి మినపప్పు నానబెట్టాలి. నాలుగైదు గంటలు నానితే చాలు, రాత్రంతా నానితే గారెలు నూనె తాగుతాయి. ఎనిమిదిన్నరకు రుబ్బడం మొదలు. ఇంట్లో గ్రైండరు అయితే ఒక్కో కేజీ చొప్పున మూడు వాయలు, గంటన్నర పడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలో ముందే చూసుకోండి. పక్కింటి ఇన్వర్టరో, ఊళ్ళో పిండిమరో. నీళ్ళు చిలకరించడమే తప్ప పోయకూడదు. ఉప్పు ఇప్పుడే వేయొద్దు, వేస్తే పిండి జారిపోతుంది. చెయ్యి తడి చేసుకుని చిటికెడు పిండి నీళ్ళ గిన్నెలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకో ఐదు నిమిషాలు రుబ్బండి.

కోళ్ళు ఏడింటికల్లా తెగాలి. ఈకలు పీకాక వరిగడ్డి మంట మీద తిప్పుతూ కాల్చి, పసుపు రాసి, కడిగి ముక్కలు కొట్టించండి. నాటుకోడి రుచి సగం ఆ తోలులోనే ఉంది. తోలు తీసేసి ఇచ్చే కొట్టులో కొంటే ఆ రుచి రాదు. ముక్కలకు పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించి అరగంట ఉంచండి.

తొమ్మిదింటికి కోడి గిన్నె పొయ్యెక్కాలి. 7 కేజీల మాంసానికి రెండు కేజీల ఉల్లిపాయలు, ముప్పావు లీటరు నూనె. ఉల్లి బాగా ఎర్రబడ్డాకే ముక్కలు వేయండి. ముందు ముక్కల్లోంచి నీళ్ళు ఊరతాయి. మూత పెట్టి ఆ నీళ్ళల్లోనే ఉడకనివ్వాలి. అవి ఇంకి, నూనె అంచులకు చేరి, తెడ్డు తిప్పుతుంటే గిన్నె అడుగున చిరచిరమని వినిపించినప్పుడు కారం వేయండి. 150 గ్రాములతో మొదలుపెట్టండి. పెద్ద వంటలో ఉప్పు, కారం ఇంట్లో వేసే లెక్కను పదింతలు చేస్తే ఎక్కువైపోతాయి. ముప్పాతిక వంతు వేసి రుచి చూసి పెంచాలి. తర్వాత పోసే నీళ్ళు మరిగినవే అయి ఉండాలి. చన్నీళ్ళు పోస్తే ముక్క బిగుసుకుపోయి ఎంతకీ మెత్తబడదు. పెట్ట అయితే గంట, ముదురు పుంజు అయితే గంటన్నర పైనే. మసాలా పొడి చివర్లో. పదకొండున్నరకు దించి మూత పెట్టేస్తే వడ్డించే వేళకు ముక్కకు కారం, ఉప్పు పడతాయి. ఈ గిన్నె దగ్గర మొదటి నుంచి చివరిదాకా ఒక్కరే ఉండాలి. వచ్చేపోయే ప్రతివాళ్ళూ ఉప్పు చూసి చిటికెడు వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కూర, పులుసు, పప్పు, చారు లోపల గ్యాస్ మీద ఒక మనిషి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నరలోపు తెమిల్చేస్తారు. వంకాయలు తరిగి ఉప్పునీళ్ళల్లో ఉంచాలి. నువ్వుపొడి కూర దించే ముందే చల్లాలి, ముందు వేస్తే అడుగంటి చేదెక్కుతుంది. గుమ్మడి పులుసుకు బెల్లం కాస్త ముందుకు ఉంటేనే మన వైపు రుచి. కోడి కూరలో కారం వేయకముందే పిల్లలకు నాలుగు గరిటెల ముక్కలు వేరే గిన్నెలోకి తీసి విడిగా ఉడికించండి.

అన్నం రెండు వాయలు. పదకొండుకు ఎసరు పెడితే కట్టెల పొయ్యి మీద అది మరగడానికే అరగంట పడుతుంది. మొదటి వాయ పన్నెండుకు సిబ్బి వేసి వార్చాలి. గంజి పారబోయకండి. కనుమ పశువుల పండగ, కుడితిలో కలపండి. మొదటి పంక్తి కూర్చోగానే రెండో వాయ బియ్యం ఎసట్లో పడాలి.

అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం అయ్యేది గారెల దగ్గరే. పెద్ద మూకుడులో ఒక వాయకు తొమ్మిది పడతాయి, ఐదు నిమిషాలు వేగాలి. 160 గారెలంటే 18 వాయలు, గంటన్నర. ఇదే ఆడవాళ్ళను పొయ్యికి కట్టేసే పని. అందుకే రెండు మూకుళ్ళు, ఇద్దరు మనుషులు. పదకొండున్నరకు మొదలుపెడితే పన్నెండుంబావుకు మొత్తం అయిపోతాయి. ఉప్పు, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర అప్పుడే, మూకుడుకు సరిపడా పిండిలో మాత్రమే కలుపుకోండి. పంక్తి సాగుతుండగా వేడిగా ఒక్కో వాయ వేయించి తెమ్మని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. జంగిడిలో (వెదురు తట్టలో) వేసి పైన పల్చటి గుడ్డ కప్పితే అరగంట దాకా వేడిగానే ఉంటాయి. మూత పెడితే మాత్రం మెత్తబడిపోతాయి.

వడ్డన

పన్నెండుకు మొదటి వాయ అన్నం వార్చగానే చిన్నపిల్లలకు పెట్టేయండి. పప్పు, నెయ్యి, కారం లేని కోడి, ఒక గారె. కడుపు నిండిన పిల్లలు ఆడుకోవడానికి పోతారు, తల్లులకు చేతులు ఖాళీ అవుతాయి. మాల వేసుకున్నవాళ్ళకూ ఈలోపే వేరేగా పెట్టండి.

పన్నెండున్నరకు మొదటి పంక్తి: ఇంటి పెద్దవాళ్ళు, వండినవాళ్ళు, కొత్త అల్లుడు. వడ్డించేది మిగిలిన మగవాళ్ళు, కుర్రాళ్ళు. కొన్ని ఇళ్ళల్లో దీనికి ముసలివాళ్ళు మొదట్లో ఇబ్బంది పడతారు. ఇంటి పెద్దావిడ చేత ముందురోజు రాత్రే ఒక మాట చెప్పించండి. "రేపు కోడళ్ళు నా పక్కన కూర్చుని తింటారు" అని ఆవిడ అంటే ఇక ఎవరూ మాట్లాడరు.

వడ్డనకు ఐదుగురు చాలు. ఒకరు ఉప్పు, పచ్చడి, అరిసె. ఒకరు గారెలు. ఒకరు కోడి. ఒకరు అన్నం. ఒకరు పప్పు, నెయ్యి, కూర, పులుసు వరసగా. నీళ్ళు పిల్లలు పోస్తారు. గారె, కోడి ముందు వేసి, అవి అయ్యాక అన్నం తెండి. అన్నం ముందే కుమ్మరిస్తే గారెలు ఆకులో మిగిలిపోతాయి. కోడి వడ్డించే మనిషికి ఒక మాట చెప్పాలి: మొదటి పంక్తికి సగం గిన్నె దాటకూడదు. వేరే గిన్నెలోకి సగం ముందే తీసి మూత పెట్టి ఉంచడం ఇంకా మంచిది. రెండో పంక్తికి అడుగు పులుసు, మెడ ముక్కలు మిగిలితే వాళ్ళ పండగ పాడవుతుంది.

ఒకటిన్నరకు రెండో పంక్తి. ఇప్పుడు తిన్న ఆడవాళ్ళలో ఇద్దరు, ఓపిక ఉంటేనే, కూరలు అందిస్తారు. మిగతావాళ్ళను కూర్చోనివ్వండి.

తాగే నీళ్ళకు 20 లీటర్ల క్యాన్లు మూడు, చేతులు కడుక్కోవడానికి పెరట్లో రెండు చోట్ల గంగాళాలు. విస్తర్లు వేయడానికి గొయ్యి ముందురోజే తీయించండి. ఎముకలున్న విస్తర్లు పశువుల దగ్గరికి పోనివ్వొద్దు, కుక్కలు లాగకుండా పైన మట్టి వేయండి.

రాత్రికి, ముక్కనుమకు

మిగిలిన కోడి కూర మూడున్నరకల్లా మరోసారి బాగా మరగనిచ్చి మూత పెట్టండి. వడ్డన బకెట్లో అడుగున మిగిలింది గిన్నెలో కలపొద్దు, త్వరగా పాడవుతుంది. రాత్రికి 3 కేజీల బియ్యం వండితే సరిపోతుంది. వేడి చారు, అప్పడం, మిగిలిన కూర, పెరుగు. రాత్రి వంట మగవాళ్ళు చేస్తే బాగుంటుంది, చారు అన్నం పెద్ద విద్యేమీ కాదు. గారెల పిండి మిగిలితే మర్నాడు పొద్దున దిబ్బరొట్టి వేయండి.

ముక్కనుమ నాడు బండ్లు ఎక్కేవాళ్ళకు అరిసెలు, జంతికలు ఇంటింటికీ సమంగా కట్టండి. ఈసారి రాలేకపోయినవాళ్ళ వంతు కూడా ఎవరో ఒకరి చేతికి ఇచ్చి పంపండి. టెంటుహౌస్ సామాను ఆ సాయంత్రమే లెక్కపెట్టి అప్పగించేయండి. గరిటె పోతే ఎవరింటి సంచిలోకి వెళ్ళిందో చుట్టాలు బయల్దేరకముందే దొరుకుతుంది. లెక్క రాసిన పుస్తకంలోనే, ఏది ఎంత వండితే ఎంత మిగిలిందో, ఏది చాలలేదో, ఎన్ని కట్టెలు పట్టాయో అదే రోజు రాసి పెట్టండి. వచ్చే నవంబరులో ఫోన్లు మొదలుపెట్టే ముందు తీసి చూసుకోవలసింది ఆ పేజీనే.